ఫ్రీ బాడీ చెకప్ మిషన్ గారికి, ఒక 58 ఏళ్ల ముసలిది రాయునది

అయ్యా మిషన్ గారూ,

మొన్న ఆదివారం పొద్దున విజయవాడ బీఆర్టీఎస్ రోడ్డు పక్కన, రాగిజావ బండికీ మొలకల బండికీ మధ్య టేబులేసుకుని వెలసిన మిమ్మల్ని చూసి, ఫ్రీయే కదా అని చెప్పులిప్పి ఎక్కాను చూడండీ, ఆ చెప్పుతోనే నన్ను నేను కొట్టుకోవాలి. నాకు 41. ఆధార్‌లోనూ అంతే, మా అమ్మనడిగినా అంతే. మీరు మాత్రం రెండు స్టీలు రేకుల మీద నా కాళ్లు పెట్టించుకుని పది సెకన్లలో "బాడీ ఏజ్ 58" అని తేల్చేశారు. సంతోషం. ఇంకో రెండేళ్లు ఆగితే 60 వస్తాయి, ఈ చీటీ వార్డు సచివాలయంలో చూపిస్తే నెలకి 4000 వృద్ధాప్య పెన్షన్ ఇప్పిస్తారా? ఇప్పిస్తే మీ పక్కనున్న కోచ్ గారి ప్రొటీన్ షేక్ పౌడర్ డబ్బా కొంటా, అది 3900 అట, మిగిలిన వందా ఆటోకి.

ఆ కోచ్ గారు నిరుడు దాకా మా వీధిలో ఇన్సూరెన్స్ పాలసీలు కట్టించుకున్న అబ్బాయే. పోన్లే, బతకాలి కదా.

సరే, నా 58 నేను మోసుకుంటా. కానీ నా వెనకే మా అత్తగారిని ఎందుకు ఎక్కించుకున్నావయ్యా? ఆవిడకి 64. పొద్దున పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం ముద్దపప్పు ఆవకాయ మీద గరిటెడు నెయ్యి, సాయంత్రం సీరియల్ అయ్యేలోపు జంతికల డబ్బా సగం ఖాళీ. ఆవిడకి ఎంతిచ్చావు? 49! యాభై కూడా కాదు! అంటే ఇవాళ్టికి మా ఇంట్లో నేను మా అత్తగారికన్నా తొమ్మిదేళ్లు పెద్ద!

ఆ చీటీ ఇప్పుడు మా ఫ్రిజ్ మీద వెంకన్న స్వామి మాగ్నెట్ కింద ఉంది. ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తున్నారు. గ్యాస్ బండ జరపబోతే "నువ్వుండమ్మాయ్, ఈ వయసులో నడుం పట్టేస్తే కష్టం" అంటారు. మా ఆయన నవ్వాపుకోలేక బాల్కనీలోకి పారిపోతాడు. పక్క ఫ్లాట్ అమ్మాయి నిన్న నన్ను లిఫ్టులో "ఆంటీ" అంది, వారం కిందటి దాకా అక్కనే.

ఆ రోజే నాకు అనుమానమొచ్చి చెమట తుడుచుకుని, సీసాడు నీళ్లు తాగి మళ్లీ ఎక్కాను. 54. పావుగంటలో నాలుగేళ్లు తగ్గాను, ఇంకో నాలుగు సీసాలు తాగితే ఇంటర్లో సీటొచ్చేది! ఇంటికొచ్చి చదివితే తెలిసింది, నువ్వు చేసేదల్లా కాళ్లలోంచి చిన్న కరెంటు పంపడం, ఒంట్లో నీళ్లుంటే అది సులువుగా పోతుంది, కొవ్వుంటే అడ్డుపడుతుంది, ఆ వచ్చినదానికి ఎత్తూ బరువూ కోచ్ కొట్టిన వయసూ కలిపి ఒక అంచనా వేస్తావు. అంచనా! దానికి నేను మూడు రాత్రులు నిద్రపోలా.

నీ ఒక్కడిదే తప్పనను. అన్నం విషమనే యూట్యూబ్ డాక్టరూ, ఇడ్లీ కూడా విషమే అనే ఇంకో డాక్టరూ, మెంతులు నానబెట్టమనే వాట్సాప్ బాబాయిలూ, పటమట రైతు బజార్లో అవకాడో వెతకమన్న డైట్ చార్టూ, అందరూ అందరే. చివరికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో 17 మార్గదర్శకాలతో 148 పేజీల పుస్తకం నెట్‌లో ఊరికే పెట్టారని తెలిసి, రాత్రి పదకొండింటికి గిన్నెలు సర్దాక కూర్చుని చదివా. కంచంలో సగం కూరగాయలూ పళ్లే ఉండాలంట. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదంట (గోంగూర పచ్చడి గుర్తొచ్చి ఆ పేజీ గబగబా తిప్పేశా). ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దని కూడా ఉంది, మీ కోచ్ గారికి చదివి వినిపించండి. అన్నీ బానే ఉన్నాయి గానీ మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలంటే ఇంట్లో ఐదుగురం, ఇద్దరు పిల్లలకి కాస్త తగ్గించినా రెండు కిలోలకి దగ్గర. ఎనిమిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరేదాన్ని, రెండు కిలోలు ఎప్పుడు తరగను? అది ఏ పేజీలోనూ లేదు.

నిన్న రాత్రి పాలు తీద్దామని ఫ్రిజ్ దగ్గరికెళ్తే అత్తగారి చీటీ మీద, పైన మూలకి చిన్న అక్షరాల్లో ఒకటి కనపడింది. వయసు: 46. మీ కోచ్ గారు అంకెలు తిరగేసి కొట్టాడు! అరిచి అందర్నీ లేపుదామనుకున్నా, నోటిదాకా వచ్చింది కూడా.

కానీ మిషన్ గారూ, ఆదివారం నుంచీ నేను లేచేసరికి బీరకాయలు చెక్కుతీసి, తోటకూర కడిగి, బీన్స్ తరిగి మూడు గిన్నెల్లో సిద్ధంగా ఉంటున్నాయి. "పెద్దదానివి, నీకెందుకే శ్రమ" అంటున్నారు నలభై తొమ్మిదేళ్ల మా అత్తగారు. నా బాక్సులో అన్నంకన్నా కూర ఎక్కువుంటోంది.

మాగ్నెట్‌ని కొంచెం పైకి జరిపి ఆ 46 మీద పెట్టి, లైటార్పి పడుకున్నా.

ఇట్లు,
58 (నీళ్లు తాగాక 54)