రెండేళ్ళు నిండని పోతు పనికిరాదా?

బరంపురం, పర్లాకిమిడి వైపు మేకలు పెంచే మన తెలుగువాళ్ళ ఫోన్లలో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. రెండేళ్ళు నిండని మేకపోతుకు పిల్లలు పుట్టవట. ఎంత బరువుంటే విత్తనం అంత గట్టిదట. అలాంటిది ఒక్కటుంటే వంద మేకలకు చాలట, ముసలిదయ్యేదాకా మార్చక్కర్లేదట. నమ్మితే మంద పాడవుతుంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

రెండేళ్ళ మాట పూర్తిగా తప్పు. పోతుపిల్ల మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలల్లో ఈడుకొస్తుంది. చిన్నదే కదా అని మందలో వదిలేస్తే తల్లినీ తోడబుట్టినవాటినీ దాటుతుంది, అంటే వాటితోనే జతకడుతుంది. ఎదిగీ ఎదగని ఆడపిల్లలు చూడి కడతాయి, ఈనేటప్పుడు వాటి ప్రాణం మీదికి వస్తుంది. మూడు నెలలు దాటగానే పోతుపిల్లల్ని వేరు చేయండి, లేదా విత్తులు కొట్టించండి. ఈడుకొచ్చింది కదా అని వెంటనే మందంతా అప్పగించకూడదు. ఏడాది నిండాక పది, పదిహేను మేకలతో మొదలుపెడితే సరిపోతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. "ఇది ఇంకా విత్తనానికి రాదు" అనుకుని, బాగా ఎదిగిన ఏడాది పోతుల్నే దసరాకు అమ్మేస్తారు. ఎవరూ కొనని బక్కది మందకు తండ్రవుతుంది. గొల్లలు తరతరాలుగా సాకిన గంజాం మేక మంచి పొడగరి. ఏటా ఇలా మేలైనవాటిని కోతకు పంపిస్తూ పోతే ఆ పొడుగూ ఎదుగుదలా ఎన్నాళ్ళు నిలుస్తాయి?

బరువు మాటలో సగం నిజముంది. ఎదిగే వయసులో బీజాలు (వృషణాలు) బరువుతోపాటే పెరుగుతాయి. ఒకే ఈడు పోతుల్లో బరువైనదానికి సాధారణంగా బీజాలు పెద్దవి, వీర్యకణాలూ ఎక్కువ. ఎదుగుదల ఆగాక చేరేది కొవ్వు. బీజాలు ఒంటికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉండాలి, అవి వేలాడే తిత్తి పైభాగంలో కొవ్వు పేరుకుంటే ఆ చల్లదనం ఉండదు. బాగా కొవ్వుపట్టిన పోతు ఎదకొచ్చిన మేక వెంట తిరగడానికీ బద్ధకిస్తుంది. కాబట్టి కాటా ఒక్కటే చూడకండి. చేత్తో తడిమి చూడండి: రెండు బీజాలూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి. తిత్తి లావుగా ఉన్నచోట టేపు చుట్టి, అదే ఈడు పోతులతో పోల్చండి. ఒక బీజం కిందికి దిగకపోతే ఎంత బరువున్నా వద్దు, ఆ లోపం పిల్లలకూ రావచ్చు.

ఎండ సంగతి ఆ మెసేజ్‌లో లేనే లేదు. వీర్యకణం తయారవడానికి దాదాపు 48 రోజులు, బయటికొచ్చే దశకు చేరడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మే ఎండల్లో దెబ్బతిన్న పోతు తేరుకోవడానికి రెండు నెలలు పట్టొచ్చు. వానాకాలంలో మేకలు చూడి నిలవక మళ్ళీ మళ్ళీ ఎదకొస్తుంటే, వాటిని గొడ్డువని అమ్మేయకుండా ముందు పోతును పశువుల డాక్టరుకు చూపించండి.

వంద మేకలకు ఒక్క పోతు చాలదు. పెద్ద పోతుకైనా 25, 30 దాటనివ్వొద్దు.

ఇక ముసలిదయ్యేదాకా ఉంచడం. వయసు మళ్ళితే వీర్యం తగ్గుతుంది, కాళ్ళూ సహకరించవు. అంతకన్నా ముందే వచ్చే చిక్కు వేరే ఉంది. మేక ఐదు నెలలు మోస్తుంది, పుట్టిన ఆడపిల్ల ఏడాదిలోపే ఎదకొస్తుంది. అంటే పోతు వచ్చిన ఏడాదిన్నరకే సొంత కూతుళ్ళను దాటుతుంది. ఆ సమయానికే పొరుగు మందతో పోతును మార్చుకోండి, డబ్బు ఖర్చుండదు. తెచ్చుకునేది మీ పాత పోతు కొడుకు కాదని మాత్రం అడిగి తెలుసుకోండి.