లైన్‌మన్‌ను పొగిడి పాడుచేయవద్దు

అమెరికాలో ఆదివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ చూసే జనానికి ఒక గట్టి నమ్మకం ఉంది. మనసు, మెదడు, ఉద్వేగం వంటి సున్నితమైన సరుకంతా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉంటుందని, అతని మీదికి వచ్చేవారిని ఆపడానికి ముందు వంగి నిలబడే ఐదుగురు ఆఫెన్సివ్ లైన్‌మెన్‌కు, అంటే తలా 140 కిలోలు తూగే ఆ భారీకాయులకు, ఆకలి తప్ప మరో అనుభూతి ఉండదని వారి అభిప్రాయం. ఈ నమ్మకం తప్పని నిరూపించే ఆధారాలు ఇటీవల ఎక్కువవుతున్నాయి. అయినా దానిని కాపాడుకోవడం ఆటకూ, ప్రేక్షకుల మనశ్శాంతికీ ఎంత అవసరమో వివరించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఆ ఉద్యోగపు షరతులు చూద్దాం. జెర్సీ మీద 50 నుంచి 79 వరకు నంబరు ఉన్నవాడు, రిఫరీకి ముందే చెప్పుకుంటే తప్ప, తన జట్టు విసిరిన పాస్‌ను పట్టుకోరాదు. బంతి కదలకముందు తాను కదలరాదు; భుజం ఉలిక్కిపడినా ఫాల్స్ స్టార్ట్ కింద ఐదు గజాల శిక్ష పడుతుంది. మీదికి వచ్చేవాడిని చేత్తో పట్టి లాగితే హోల్డింగ్, పది గజాలు. తప్పు జరగగానే రిఫరీ మైకు అందుకుని, డెబ్బై వేలమంది వింటుండగా, అతని నంబరును తడబడకుండా చదువుతాడు. మూడు గంటల ఆటలో ఆ నంబరు ఎవరి నోటనైనా వినిపించేది ఆ ఒక్కసారే. పట్టిన పాసులకు, పరుగెత్తిన గజాలకు, పడగొట్టిన క్వార్టర్‌బ్యాక్‌లకు ఈ ఆట నడిపే లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) అధికారికంగా లెక్క ఉంచుతుంది. ఆపిన మనుషులకు మాత్రం లెక్క లేదు. మనిషిలో అహంకారం మొలకెత్తకుండా ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసిన వృత్తి మరొకటి నాకు తెలియదు.

ఇక ఆ వరుస నడుమ నిలబడే సెంటర్ సంగతి. ఒక ఎత్తుకూ మరో ఎత్తుకూ మధ్య గడియారం ఇచ్చేది నలభై సెకన్లు. అందులో అతను బంతి మీద చెయ్యి ఉంచి, తల ఎత్తి, ఎదుటి డిఫెన్స్ అమరికను చదివి, ఎదుటి వరుస వెనక నడుమ నిలబడే మధ్య లైన్‌బ్యాకర్ ఎవరో వేలుపెట్టి చూపి, మిగిలిన నలుగురిలో ఎవరు ఎవరిని ఆపాలో కేకవేసి చెప్పాలి. చెప్పీ చెప్పకముందే అవతలివాళ్లు స్థానాలు మారుస్తారు. అతను మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. కాన్సస్ సిటీలోని యారోహెడ్ స్టేడియంలో 2014లో అభిమానులు 142.2 డెసిబెల్స్ స్థాయిలో అరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. అటువంటి చోట అతిథి జట్టుకు ఒక్క మాటా వినబడదు కనుక, సెంటర్ పక్కన నిలబడే గార్డ్ వెనక్కి తిరిగి క్వార్టర్‌బ్యాక్ సైగ చూసి సెంటర్‌ను తడితే, సెంటర్ మనసులో అంకెలు లెక్కపెట్టుకుని బంతి వదులుతాడు; ఆ వదలడాన్నే స్నాప్ అంటారు. చివరన ఉన్న టాకిల్ ఒక కంటితో ఆ బంతినీ, ఇంకో కంటితో తనను తొక్కడానికి సిద్ధంగా ఉన్నవాడినీ చూస్తూ నిలబడతాడు. అరిచినవారికి రికార్డు దక్కింది. ఆ హోరులో ఉలిక్కిపడకుండా నిలబడినవారికి ఏ రికార్డూ లేదు, ఉండాలని నేను కోరడమూ లేదు.

వీళ్లకు తెలివి లేదేమోనని కొందరికి ఇంకా సందేహం ఉండవచ్చు. కళాశాల ఆటగాళ్లకు లీగ్ చాలాకాలం వండర్‌లిక్ అనే పరీక్ష పెట్టేది. పన్నెండు నిమిషాలలో యాభై ప్రశ్నలు. 1984లో ఒక క్రీడారచయిత ప్రకటించిన సగటు మార్కుల్లో టాకిళ్లు, సెంటర్లు క్వార్టర్‌బ్యాక్‌లను దాటారు. బాల్టిమోర్ రేవెన్స్ గార్డ్ జాన్ అర్షెల్ ఆడుతూనే ఎంఐటీలో గణితంలో డాక్టరేట్‌కు చేరాడు, 2017లో ఆట మానేశాడు, చదువు పూర్తిచేశాడు. కాన్సస్ సిటీ గార్డ్ లారెంట్ డ్యువర్నే-టార్డిఫ్ వైద్యపట్టా పుచ్చుకుని, 2020లో కోవిడ్ రాగా ఆ సీజన్ వదులుకుని క్యుబెక్‌లోని వృద్ధుల సంరక్షణాలయంలో పనిచేశాడు. ఇంత తెలివి ఉన్నవారు బంతి విసిరే ఉద్యోగం ఎందుకు ఎంచుకోలేదన్నది మాత్రం వండర్‌లిక్ తేల్చలేకపోయింది.

ఆదర్శ లైన్‌మన్ ఎవరని అడిగితే నేను జో థామస్ పేరు చెబుతాను. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు 2007 నుంచి లెఫ్ట్ టాకిల్‌గా ఆడి, ఒక్క స్నాప్ కూడా మానకుండా వరుసగా 10,363 స్నాప్‌లు నిలబడి, 2017 అక్టోబరులో చేతి కండరం చిరిగినప్పుడే అతను పక్కకు తప్పుకున్నాడు. అతను కాపాడిన క్వార్టర్‌బ్యాక్‌లు ఇరవైమంది. యజమానులు, కోచ్‌లు మారుతూ వచ్చారు, అతను మారలేదు. మొదటి ఏడాది జట్టు పది ఆటలు గెలిచి కూడా ప్లేఆఫ్స్‌కు పోలేదు; ఆ తర్వాత అతని కాలంలో గెలుపులు ఓటములను మించిన సీజన్ ఒక్కటీ లేదు; చివరి ఏడాది పదహారుకు పదహారూ ఓడింది. కర్మ చేయడమే నీ వంతు, ఫలం నీది కాదు అన్న ఉపదేశాన్ని ఇంత నిష్ఠగా పాటించిన యాజమాన్యం మరొకటి ఉండదు. ఆటగాడికి ఫలం మీద ఆశ పుడుతుందేమోనని కాబోలు, ఫలమే లేకుండా చేసింది. 2023లో అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అప్పటికి అతను ఆట మాని ఐదేళ్లు దాటింది కనుక పొగడ్త వల్ల పెద్ద ప్రమాదం జరగలేదు.

మన ఊళ్లలో కరెంటు పోయినప్పుడే లైన్‌మన్ ఎక్కడున్నాడని అడుగుతాం. ఈ లైన్‌మన్ గతీ అంతే. 2021 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌కు, అంటే లీగ్ ఫైనల్‌కు, కాన్సస్ సిటీ టాకిళ్లు ఇద్దరూ గాయాలతో దూరమయ్యారు. వారి క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఆ రాత్రంతా ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తాడు, జట్టు 31-9 తేడాతో ఓడింది. దేశమంతా టాకిళ్ల పేర్లు నేర్చుకున్నది అప్పుడే.

గుర్తింపు కోసం లైన్‌మన్ తానే చెయ్యి చాస్తే ఏమవుతుందో 2023 డిసెంబరు 30న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో తేలింది. డాలస్ మీద ఒక్క పాయింటు వెనకబడిన డెట్రాయిట్ జట్టు రెండు పాయింట్ల కోసం ఎత్తు వేసింది. పాస్ పట్టడానికి అర్హత కోరుతున్నవాడు ఎవరో డాలస్‌కు అంతుబట్టకూడదని కొందరు లైన్‌మెన్‌ను ఒకేసారి రిఫరీ వైపు పంపింది. అర్హత కోరవలసినవాడు 68వ నంబరు టేలర్ డెకర్. రిఫరీ ప్రకటించినది 70వ నంబరు డాన్ స్కిప్పర్‌ను. డెకర్ బంతిని చక్కగా పట్టుకున్నాడు. పట్టుకున్నందుకే శిక్ష పడింది. డెట్రాయిట్ 20-19తో ఓడింది. ఆ గెలుపుకు సంబరపడిన డాలస్ తెలుగువారిని నేనేమీ అనను. కానీ హోల్డింగ్ చేసినవాడి నంబరును ఏనాడూ పొరబడని వ్యవస్థ బంతి పట్టబోయేవాడి నంబరు దగ్గరే పొరబడటంలో ఒక క్రమశిక్షణ ఉందని గమనించమని మనవి.

ఇంత బాగా సాగుతున్న వ్యవహారంలో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆటగాళ్లు ఇద్దరు చిక్కు తెచ్చిపెట్టారు. గార్డ్ బ్రాండన్ బ్రూక్స్ 2016 డిసెంబరులో, తనకు ఆందోళన రుగ్మత ఉందని, ఆటంటే భయం వల్ల కాక ఏ తప్పూ చేయకూడదన్న పట్టుదల హద్దు దాటడం వల్ల వచ్చిందని విలేఖరులకు చెప్పాడు. టాకిల్ లేన్ జాన్సన్ 2021లో మూడు ఆటలకు దూరమయ్యాక, ఆందోళన, కుంగుబాటుతో చాలాకాలంగా పోరాడుతున్నానని వెల్లడించాడు. అప్పటివరకు జట్టు చెప్పినది ‘వ్యక్తిగత కారణాలు’ అనే. మోకాలు విరిగితే మనం లేచి నిలబడి చప్పట్లు కొడతాం, స్ట్రెచర్ వస్తుంది, తెరమీద నాలుగు కోణాల్లో చూపిస్తారు. దీనికి ఏ కోణంలో చూపించాలి? తప్పు చేస్తేనే పేరు వినిపించే ఉద్యోగంలో ఏళ్ల తరబడి నిలబెట్టి, తప్పు చేస్తానేమోనన్న భయం ఎలా వచ్చిందని మనం ఆశ్చర్యపోతున్నాం. ఆశ్చర్యపోవడానికి టికెట్టు కొన్నాం కనుక అది మన హక్కే.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వస్తాను. లీగ్ ఎంవీపీ (ఏటి మేటి ఆటగాడు) బిరుదు ఇంతవరకు ఒక్క ఆఫెన్సివ్ లైన్‌మన్‌కూ దక్కలేదు. 1982లో వాషింగ్టన్ లైన్‌మెన్‌కు వారి కోచ్ ముద్దుగా ‘పందులు’ అని పేరు పెట్టి దేశమంతా మోగించినప్పుడు సైతం, ఆ ఏటి ఎంవీపీని అదే జట్టులో బంతిని కాలితో తన్నే మార్క్ మోస్లీకి ఇచ్చి పెద్దలు మర్యాద నిలిపారు. అటువంటి సంప్రదాయాన్ని కాదని 2025లో లీగ్ ‘ప్రొటెక్టర్ ఆఫ్ ది ఇయర్’ అంటూ లైన్‌మెన్‌కే ప్రత్యేకంగా ఒక బహుమతి ప్రకటించింది. ఏడాదికి ఒకడి పేరు తప్పుతో సంబంధం లేకుండా మైకులో వినిపిస్తే, మిగిలినవారు తమకూ పేర్లున్నాయని గుర్తుచేసుకోరా?

బహుమతిని రద్దుచేయడం ఇక కుదరదు కనుక కొన్ని సవరణలు సూచిస్తున్నాను. విజేత నంబరును రిఫరీయే ప్రకటించాలి, ఆర్లింగ్టన్ సంప్రదాయం ప్రకారం మొదట పక్కవాడి నంబరు చదవాలి. ధన్యవాద ప్రసంగం క్వార్టర్‌బ్యాక్ చేయాలి. బంతి పట్టే అర్హత లేనివాడు బహుమతి పట్టుకోవాలంటే ముందుగా వేదిక దగ్గరకు వచ్చి అనుమతి కోరాలి. పేరు పిలవకముందే కుర్చీలోంచి కదిలితే ఫాల్స్ స్టార్ట్‌గా లెక్కగట్టి ఐదు గజాలు వెనక్కి కూర్చోబెట్టాలి, ఆ నంబరు మాత్రం మైకులో స్పష్టంగా చదవాలి.