నెల్లూరు, ఒంగోలు గోడల మీద మన ఆర్టిస్టుల పేర్లు ఎప్పుడు?

నెల్లూరుకి కొత్తగా వచ్చే చుట్టానికి దారి చెప్పాలంటే ఏమంటాం, గాంధీబొమ్మ దగ్గర దిగి ఫోన్ చెయ్యి అంటాం. ఆటోవాళ్ల నోట్లో పడ్డాక ఆ సెంటర్‌కి ఇంకే పేరు పెట్టినా నిలవదు. నడిరోడ్డు మీద నిలబెట్టిన ఒక బొమ్మ ఊరి నోట్లో ఎంత గట్టిగా కూర్చుంటుందో మనకి విడిగా చెప్పక్కర్లేదు. మరి అంత బలమున్న పనిని నెల్లూర్లో గానీ ఒంగోల్లో గానీ ఎవరి చేతుల్లో పెట్టామో చూస్తే బాధేస్తుంది.

ఇప్పుడు జరిగేది రెండే రకాలు. ఒకటి నాయకుల విగ్రహాలు, అభిమానులు చందాలేసుకుని తెచ్చి రాత్రికి రాత్రి దిమ్మె కట్టి పెట్టేవి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే చెప్పింది, మన రాష్ట్రంలో తర్వాతి నెలకే జీవో కూడా వచ్చింది, అయినా ఆగలేదు. రెండోది స్వచ్ఛ సర్వేక్షణ్, అంటే ఊళ్ల శుభ్రతకి కేంద్రం ఏటా ఇచ్చే ర్యాంకుల్లో మార్కుల కోసం వేసే గోడబొమ్మలు. టీమ్ వస్తుందంటే చాలు, కాంపౌండ్ గోడలకి చదరపు అడుగు ఇంత అని టెండర్, కాంట్రాక్టర్ ఇంకెవరికో సబ్ ఇస్తాడు, ఆ పెయింటర్ ఫోన్లో దొరికిన బొమ్మ చూసి ఒక నెమలి, ఒక చెట్టు, చెత్తబుట్ట పట్టుకున్న పాప వేసేసి పోతాడు. వేసినాయన తప్పేం లేదు, ఆయన చేతికొచ్చిన డబ్బే అంత. ఫ్లెక్సీలు రాక ముందు ఇవే ఊళ్లలో సినిమా బోర్డులు, షాపు బోర్డులు రాసి ఇల్లు నడిపిన ఆర్టిస్టులు ఎంతమందో, అక్షరం వంపు చూసి ఇది ఫలానా ఆర్ట్స్ వాళ్లది అని చెప్పేవాళ్లు. వాళ్లలో చాలామంది బ్రష్ పక్కన పెట్టేసి వేరే పనులు చూసుకున్నారు.

కార్పొరేషన్‌కి ఇదా పని, డ్రైనేజీలు చూసుకుంటే చాలదా అంటారు కొందరు. డ్రైనేజీ ముందు బాగుండాలి, అందులో మాకు వేరే మాట లేదు. కానీ 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్ ఒకసారి తీసి చూడండి, పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ 18 పనులున్నాయి, నీళ్లు, రోడ్లు, శ్మశానాలు అన్నిటితో పాటు 13వ అంశంగా సంస్కృతి, విద్య, సౌందర్యం పెంచడం అని ఉంది. పంచాయతీలకైతే 11వ షెడ్యూల్లో 21వ అంశమే సాంస్కృతిక కార్యక్రమాలు. 1993 నుంచి అమల్లో ఉన్న మాట ఇది, కొత్తగా మేం అడుగుతున్నదేం కాదు.

డబ్బులెక్కడివి అనేది అసలు ప్రశ్న. ఫ్రాన్స్‌లో 1951లో బడి బిల్డింగులతో మొదలుపెట్టారు, కట్టే ఖర్చులో ఒక్క శాతం ఆ బిల్డింగ్‌లో ఉండే ఆర్ట్‌కి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1959లో ఇలాంటి రూలే పెట్టింది. ఐర్లాండ్‌లో చూస్తే మన జిల్లా పరిషత్‌ల్లాంటి కౌంటీ కౌన్సిళ్లలో ఆర్ట్స్ ఆఫీసర్ అని ఒక మనిషి ఉంటారు, వాళ్లు దేశం మొత్తానికున్న ఆర్ట్స్ కౌన్సిల్‌తో కలిసి పనిచేస్తారు, ప్రభుత్వ డబ్బుతో రోడ్డో కాలనీయో కడితే దాంట్లో ఒక శాతం దాకా కళకి పోతుంది. ఇందులో మనకి పనికొచ్చేది ఏంటంటే, డబ్బు ఆ కట్టే పనితోటే వస్తుంది. ఏటా ఎవరి దగ్గరో చెయ్యి చాచక్కర్లేదు, కమిషనర్ మారినా ఆగదు. మన దగ్గర పార్కు, లైబ్రరీ, రైతుబజార్ ఏది కట్టినా ఎస్టిమేట్‌లోనే ఆ ఒక్క శాతం రాయాలని మేం అడుగుతున్నాం.

ఆ డబ్బు కూడా ఇంజినీరింగ్ సెక్షన్ టెండర్లోకే పోతే మళ్లీ అదే నెమలి. అందుకే జిల్లాకో కళా కమిటీ ఉండాలి, కార్పొరేషన్, మునిసిపాలిటీల వాళ్లు, రాష్ట్ర సాంస్కృతిక శాఖ వాళ్లు, పనిచేస్తున్న ఆర్టిస్టులు, ఒక ఇంజినీరు కూర్చునే కమిటీ. బొమ్మలు, శిల్పాల కోసం కేంద్రం పెట్టిన లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం చెన్నైలోనే ఉంది, నెల్లూర్లో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని రావొచ్చు, అంత దగ్గరున్నదాన్ని మన మునిసిపాలిటీలు ఎందుకు వాడుకోవు? డిజైన్ అడిగితే డిజైన్‌కి విడిగా డబ్బులివ్వాలి, పని దక్కకపోయినా సరే. 2017లో బీహార్‌లోని మధుబని స్టేషన్‌ని అక్కడి కళాకారులు మిథిలా బొమ్మలతో నింపారు, దేశమంతా చూసి మురిసిపోయింది, కానీ చాలామంది శ్రమదానంగా చేశారు. ఆ స్టేషన్ అందం మనకి కావాలి, ఆ ఉచిత చాకిరీ మాత్రం వద్దు.

ఏం చెక్కాలి, ఏం గీయాలి అని వెతుక్కోవాల్సిన ప్రాంతమా మనది! ఒంగోలు దగ్గర చీమకుర్తిలో దొరికే, నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ సముద్రాలు దాటి పోయి ఎవరెవరి ఇళ్లలోనో ఫ్లోరింగ్ అవుతోంది, ఒంగోల్లో ఆ రాతితో చేసిన మంచి శిల్పాలు రోడ్డు మీద ఎన్ని కనపడతాయి? క్వారీల పక్కన గుట్టలుగా పడున్న వేస్ట్ రాళ్లలోంచి ఓ పది తెచ్చి, పదిమంది శిల్పుల్ని పిలిచి, నెలరోజులు తిండి, చోటు ఇచ్చి జనం మధ్యలో చెక్కమనండి, బడిపిల్లలు రోజూ వచ్చి చూస్తారు. ఒంగోలు గిత్త మూపురం యాడ లేస్తదో, గంగడోలు ఎట్టా వేలాడతదో పశువుల్ని మేపిన పెద్దాయన ఎవరైనా పక్కన నిలబడి చెప్తాడు, ఆ సరిదిద్దడం కూడా పనిలో భాగమే. ఉదయగిరి ఆడవాళ్లు చెక్క చెంచాల మీద చెక్కే పనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సొత్తే అనే సర్కారీ ముద్ర ఉంది, ఆ పని మన ఆఫీసు తలుపుల మీద, పార్కు బెంచీల మీద ఎందుకు రాకూడదు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకి లక్షల మంది వస్తారు, ఆ ఘాట్ల గోడలు ఖాళీగా ఉన్నాయంటే ఆ పండగ కథ చెప్పే చోటు మనమే వదిలేసినట్టు.

పొట్టి శ్రీరాములు గారి బొమ్మలు మనకి చాలానే ఉన్నాయి, దండలేస్తాం, పోతాం. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితుల్ని రానివ్వాలని ఆయన దీక్షకి కూర్చున్న సంగతి మూలాపేటలో పెరిగే ఎంతమంది పిల్లలకి తెలుసు? ఇంకో విగ్రహం అక్కర్లేదు, ఆ వీధిలోనే ఒక గోడ, అక్కడి దళితవాడల వాళ్లని అడిగి, వాళ్ల తాతల మాటలు విని, టైమ్ తీసుకుని వేసిన ఒక పెద్ద బొమ్మ చాలు. దాని కింద వేసిన ఆర్టిస్టు పేరు ఉండాలి, మూడేళ్లకి ఒకసారి రంగు సరిచేయడానికి డబ్బు ముందే పక్కన పెట్టాలి, పోస్టర్ అంటిస్తే ఫైన్ వెయ్యాలి.

కార్పొరేషన్ బడ్జెట్ మీటింగుల్లో ఈసారి ఈ ఒక్క శాతం పద్దు రాయండి. కౌన్సిల్ ఉన్నచోట కౌన్సిల్ రాయాలి, లేనిచోట స్పెషల్ ఆఫీసర్ రాయాలి. కార్పొరేటర్లూ, మీ వార్డులో ఏ గోడ, ఏ సెంటర్ దీనికి పనికొస్తుందో ఒక లిస్టు తెచ్చుకోండి. మేం ఆ రోజు ప్రెస్ గ్యాలరీలోనే ఉంటాం, ఎవరు మాట్లాడారో ఎవరు మాట్లాడలేదో పేర్లతో సహా రాస్తాం.