సూర్యుడికి యాభై ఆరు నిమిషాల బాకీ

ఆస్ట్రేలియా ఎంత ఉంటుందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా కుడిచెయ్యి దానంతట అదే జానెడు చాచుకుంటుంది. తప్పు నాది కాదు, అట్లాసుది. మా బడి అట్లాసులో భారతదేశానికి ఒక పేజీ, ఆస్ట్రేలియాకు ఒక పేజీ. రెండూ అటూ ఇటూగా జానెడే. పేజీ అడుగున స్కేలు చూసుకోవాలని ముప్పై రెండేళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పినవాడికి తెలియదా? తెలుసు. చూడని పిల్లలను బెంచీ ఎక్కించాను కూడా. నేను చూడలేదు, అంతే.

మా అబ్బాయికి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. నవంబరులో నేనూ మా ఆవిడా వెళ్ళాం. వెళ్ళిన మూడోనాడు కోడలు ఒక కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"మామయ్యగారూ, మీరు ఏమేమి చూడాలనుకుంటున్నారో రాయండి. దాన్నిబట్టి సెలవులు పెట్టుకుంటాం."

ఖండాల పాఠం చెప్పి చెప్పి అరిగిపోయిన మనిషిని అడగవలసిన ప్రశ్నేనా అది? అయిదు నిమిషాల్లో కాగితం నింపేశాను. శనివారం పొద్దున్న ఉలురు శిల. సాయంత్రానికి గ్రేట్ బ్యారియర్ రీఫ్, పగడపు దిబ్బల దగ్గర కాసేపు కాళ్ళు తడుపుకోవడం. ఆదివారం సిడ్నీ వంతెన, వచ్చేదారిలో కంగారూలు, రాత్రి భోజనానికి ఇంటికి. డబ్బు ఆదా అవుతుందని అడుగున ఒక గమనిక కూడా రాశాను: రాత్రి బస్సు దొరికితే మేలు.

అబ్బాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. వాడు చిన్నప్పుడు నా తరగతిలోనే కూర్చున్నాడు కాబట్టి మర్యాద తప్పలేదు.

"నాన్నా, ఇక్కడి నుంచి ఉలురుకు రోడ్డున రెండు వేల కిలోమీటర్ల పైమాట."

"మరీ ఉలురు దాకా ఎందుకురా, పక్కనే ఆలిస్ స్ప్రింగ్స్ ఊరు ఉంది కదా. అక్కడ దిగి ఆటో మాట్లాడుకుందాం."

"ఆ పక్క ఊరి నుంచే దాదాపు 450 కిలోమీటర్లు."

విజయవాడ నుంచి హైదరాబాదుకు 275. అంటే ఆ పక్క ఊళ్ళో బస్సు దిగి ఉలురు చేరడమంటే, విజయవాడలో బయల్దేరి హైదరాబాదు వెళ్ళి, ఏదో మరిచిపోయామని మళ్ళీ సగం దారికి పైగా వెనక్కి రావడం. ఇక పగడపు దిబ్బల పొడవు 2,300 కిలోమీటర్లట. హైదరాబాదులో మొదలుపెట్టి దాని పక్కనే నడుచుకుంటూ పోతే ఢిల్లీ దాటినా దిబ్బలు అయిపోవు. నేను వాటికి కేటాయించింది శనివారం సాయంత్రం, టిఫినుకూ భోజనానికీ మధ్య ఖాళీ.

మన దేశానికి రెండింతలకు పైగా ఉన్న నేల, అందులో మన రెండు తెలుగు రాష్ట్రాల జనంలో మూడో వంతు కూడా లేని జనం. ఈ వాక్యం నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. సుద్దముక్కతో రాసినప్పుడు మాత్రం అంత దూరం అనిపించలేదు.

బేరసారాలు సాగాయి. ఒక ఆదివారం గ్రేట్ ఓషన్ రోడ్డు, ఆ తరువాతి వారం విమానంలో ఉలురు. మిగతావి వచ్చే రాకకు.

గ్రేట్ ఓషన్ రోడ్డు అంటే సముద్రం ఒడ్డున మెలికలు తిరుగుతూ పోయే 240 కిలోమీటర్ల దారి. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా గునపాలతో, పారలతో తవ్వి, చనిపోయిన తోటివారి జ్ఞాపకంగా నిలిపిన దారి అది. ఈ సంగతి నేను కారులో చెబుతుండగా మా ఆవిడకు మెలికల వల్ల కడుపులో తిప్పి, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. చరిత్రకు నిమ్మకాయ అడ్డం వచ్చిందని ఆపేశాను.

లోర్న్ అనే ఊళ్ళో గడ్డి మీద దుప్పటి పరిచి పులిహోర డబ్బా తెరిచాం. తెల్లటి చిలుకలు, తలమీద పసుపుపచ్చని జుట్టు, కోడిపుంజంత ఉన్నాయి. వాటికి తిండి పెట్టరాదని అక్కడ పలక ఉంది. మేము పెట్టలేదు. అవే వచ్చి తీసుకున్నాయి. ఒకటి డబ్బా అంచు మీద నిలబడి, కాలితో పల్లీ ఏరుకుని, మిరపకాయను పక్కకు విసిరి తినింది. మా ఆవిడ దాని వైపు తప్పుపట్టే చూపు చూసింది గానీ తోలలేదు. "పోపు బాగా కుదిరినట్టుంది" అంది.

ఆ దారిలో యూకలిప్టస్ చెట్ల మీద కోలాలు ఉంటాయి. రోజుకు పద్దెనిమిది గంటలకు తక్కువ కాకుండా నిద్రపోతాయి. చూశాం. నిద్రపోతున్నాయి. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

చివరికి 'పన్నెండుమంది అపొస్తలులు' అనే చోటికి చేరాం. సున్నపురాతి స్తంభాలు సముద్రంలో నిలువునా నిలబడి ఉంటాయి. అద్భుతమైన దృశ్యమే, కాదనను. కానీ మా ఆవిడ డజను అరటిపళ్ళు కొన్నా దుకాణం ముందే పన్నెండూ లెక్కపెట్టి సంచిలో వేసుకునే మనిషి. కమ్మీ పట్టుకుని వేలితో లెక్క మొదలుపెట్టింది. ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు.

"ఏమండీ, మిగతావి ఏవి?"

అబ్బాయి చెప్పాడు. పన్నెండు ఎప్పుడూ లేవట. తొమ్మిది ఉండేవట, 2005 జూలైలో ఒకటి కూలిపోయి ఎనిమిది మిగిలాయట. అసలు పూర్వం ఈ రాళ్ళను తల్లిపంది, పిల్లలు అని పిలిచేవారట. చూడవచ్చేవాళ్ళకు ఆ పేరు బాగుండదని తరువాత మార్చారట. మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిరిగి వస్తుంటే సగం దారిలో, ఎవరూ అడగకుండానే అంది: "పంది, పిల్లలు అన్నప్పుడే నయం. ఎన్ని పిల్లలో చెప్పలేదు."

ఇక అసలు కథ. ఉలురు.

నా చేతికి ఒక హెచ్.ఎం.టి. వాచీ ఉంది. 1984లో కొన్నది, రోజూ కీ ఇవ్వాలి. విమానాశ్రయం తనిఖీ దగ్గర అది కూతపెడితే తీసి ట్రేలో వేశాను. అటువైపు ట్రే అందుకున్నది కోడలు. మూడు గంటల ప్రయాణంలో నేను కిటికీ పక్కన కూర్చుని ఎర్రమట్టిని చూస్తూ చూస్తూ నిద్రపోయాను. దిగేముందు ఆ అమ్మాయి వాచీ నా చేతికిస్తూ "మామయ్యగారూ, మీ వాచీ నేను..." అని ఏదో చెప్పబోయింది.

"జాగ్రత్త చేశావా అమ్మా, సంతోషం" అన్నాను.

ప్రశ్న పూర్తికాకుండా జవాబు చెప్పడం మాస్టర్ల జబ్బు. పదవీ విరమణతో నయం కాదు.

బసలో గోడ గడియారం చూశాను. నా వాచీ చూశాను. రెండూ ఒకటే చెబుతున్నాయి. మనసులో నవ్వుకున్నాను. నా వాచీలో ఉన్నది మెల్‌బోర్న్ సమయం కదా, అంటే వీళ్ళు కూడా పట్నం సమయమే పాటిస్తున్నారన్నమాట. పోనీ పాపం. రేఖాంశాలు తెలిసిన మనిషి వాళ్ళ మాట వినడు. మెల్‌బోర్న్ 145 డిగ్రీలు, ఉలురు 131. తేడా 14. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. పధ్నాలుగు నాలుగులు యాభై ఆరు. పడమటికి వచ్చాం కాబట్టి వెనక్కి. గదిలో మంచం అంచున కూర్చుని ముల్లును 56 నిమిషాలు వెనక్కి తిప్పాను. లెక్కలో ఒక్క తప్పు లేదు. ఆ లెక్కకు నేను ఇప్పటికీ నూటికి నూరు వేస్తాను.

ఆ సాయంత్రం శిల ముందు నిలబడి సూర్యాస్తమయం చూశాం. చదునైన ఇసుకనేల మీద 348 మీటర్ల ఎత్తున ఒకే రాయి. ఇటుక రంగు, తరువాత నిప్పు రంగు, తరువాత ఎండిన వంకాయ రంగు. నా వాచీలో ఆరుంపావు దాటింది. అచ్చం మన ఊళ్ళో లాగే! చూశారా, సూర్యుడు కూడా నా లెక్కనే ఒప్పుకున్నాడని పొంగిపోయాను.

మర్నాడు సూర్యోదయం చూడాలి. అందుకే ఇంత దూరం వచ్చింది. అబ్బాయి ఫోనులో అలారం పెట్టబోతే పట్టుకుని ఆపాను. "పరీక్షల రోజుల్లో నిన్ను లేపింది ఫోనా, నేనా? అందరూ ఫోన్లు కట్టేసి పడుకోండి. నాలుగుంపావుకు నేను లేపుతాను." వాడు అలసిపోయి ఉన్నాడు, మారు మాట్లాడలేదు.

నాలుగుంపావుకు లేపాను. నిమిషం తేడా లేదు.

బయటికి వచ్చేసరికి వెలుతురు వచ్చేసింది. "ఎడారి కదా, అడ్డం ఏమీ ఉండదు, తొందరగా తెల్లవారుతుంది" అని వివరించాను. కారు ఎక్కాం. కొంతదూరం పోయాక ఎదురుగా కార్లు, చిన్న బస్సులు బారులు తీరి వస్తున్నాయి. "ఎంత తొందర మనుషులో చూడండి, సూర్యోదయం చూడకుండానే తిరిగి పోతున్నారు" అన్నాను. అబ్బాయి నా వైపు చూడలేదు. మెల్లగా జేబులోంచి ఫోను తీసి మా ఆవిడకు అందించి తెరవమన్నాడు. ఆవిడ దాన్ని తెరిచి, చూసి, నా చేతి వాచీ చూసి, మళ్ళీ ఫోను చూసింది. ఆవిడ లెక్కపెట్టడం నాకు వినబడింది.

వెనక సీట్లోంచి కోడలి గొంతు, చాలా చిన్నగా: "మామయ్యగారూ, విమానంలోనే మీ వాచీ గంటన్నర వెనక్కి తిప్పి పెట్టానండీ."

గంటన్నర! ఇక్కడి గడియారం మెల్‌బోర్న్ కంటే అసలే అరగంట వెనక. వేసవిలో మెల్‌బోర్న్ వాళ్ళు పగలు సాగదీసుకోవడానికి ఇంకో గంట ముందుకు జరుపుకుంటారు, ఈ ఉత్తర ప్రాంతం వాళ్ళు జరుపుకోరు. వేసవిలో ఈ ఒక్క ప్రధాన భూభాగంలోనే అయిదు రకాల సమయాలు నడుస్తాయట. ఇదంతా అట్లాసులో ఎక్కడుందో నాకు చూపించమనండి.

మేము చేరేసరికి సూర్యుడు శిల పైకి ఎక్కి, మన వైశాఖంలో ఎనిమిదింటికి చూసినట్టు చూస్తున్నాడు. చూసే అరుగు మీద ఎవరూ లేరు. పక్కన ఎవరో పారవేసుకున్న చేతి తొడుగు ఒకటి పడి ఉంది.

"సరే, ఎక్కుదాం పదండి" అన్నాను, మాట మార్చడానికి. తిరుమల మెట్లు 3,550 ఎక్కినవాణ్ణి, ఇదెంత అని. ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి నిషేధమని అబ్బాయి చెప్పాడు. అది అనంగు ప్రజలకు పవిత్ర స్థలం, ఎక్కవద్దని వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతూ వచ్చారట.

"దేవుడి కొండ అని వాళ్ళు చెబుతుంటే నెత్తిమీద ఎక్కుతానంటారేమిటి? అరుణాచలంలో ఎక్కామా, చుట్టూ తిరిగామా?" అని మా ఆవిడ చెప్పులు సరిచేసుకుని నడక మొదలుపెట్టింది. కుడివైపుగా, ప్రదక్షిణంగా. మొత్తం చుట్టు పది కిలోమీటర్ల పైన ఉంది. కొన్నిచోట్ల ఫొటోలు తీయవద్దని పలకలు. "గర్భగుడిలో మాత్రం తీయనిస్తారా?" అని ఆవిడే అక్కడి వాళ్ళ తరఫున నాకు సర్దిచెప్పింది.

సూర్యుడు తప్పిపోయాడు గానీ ఈగలు తప్పిపోలేదు. ఎండ తగలగానే వచ్చాయి. కుట్టవు, కరవవు. కళ్ళ తడి, నోటి తడి కావాలి వాటికి. ముందురోజే అబ్బాయి టోపీ మీంచి వేసుకునే వలలు నాలుగు కొన్నాడు. ముగ్గురూ తేనెపట్టు కొట్టేవాళ్ళలా ముసుగులు వేసుకున్నారు. నేను వేసుకోలేదు. బెల్లం కొట్టు పక్కింట్లో పుట్టినవాణ్ణి, ఈగకు జడిసి ముసుగు వేసుకుంటానా? పైగా పొద్దున పోయిన పరువు పాఠంతో రాబట్టుకోవాలనుకున్నాను. ముసుగులో పాఠం ఏమి వినబడుతుంది?

"ఈ ఎర్రదనం రాతి అసలు రంగు కాదు. లోపల బూడిద రంగే. రాతిలోని ఇనుముకు గాలీ నీరూ తగిలి తుప్పు పట్టింది. దీన్నే ఏమంటారంటే, ఆ..."

ఆక్సీకరణం అనే మాటలో మొదటి అక్షరానికి నోరు ఎంత తెరుచుకుంటుందో నేను అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. ఈగ గమనించింది.

తరువాత పావుగంట నేను దగ్గడం, కోడలు నీళ్ళు పట్టుకుని నిలబడడం, అబ్బాయి వీపు నిమరడం. మా ఆవిడ ప్రదక్షిణ ఆపకూడదని ముందుకు సాగిపోయింది. నాలుగో వల నిశ్శబ్దంగా నా టోపీ మీదికి వచ్చింది. ఎవరు వేశారో చూడలేదు.

ఆ సాయంత్రం గదిలో బస వాళ్ళ కాగితం తీసుకుని మళ్ళీ లెక్క వేశాను. ఇక్కడి గడియారం 142½ డిగ్రీల రేఖాంశానికి పెట్టినది. శిల ఉన్నది 131 దగ్గర. తేడా పదకొండున్నర, దాన్ని నాలుగుతో గుణిస్తే నలభై ఆరు. అంటే ఇక్కడి సగటు సూర్యుడు గడియారం కంటే 46 నిమిషాలు వెనకే నడుస్తాడు. నా వాచీ వెనకబడింది 56. సూర్యుడికీ నాకూ తేడా పది నిమిషాలే, వీళ్ళ ఫోన్లకూ సూర్యుడికీ నలభై ఆరు! కాగితం ముగ్గురికీ చూపించాను.

మా ఆవిడ పూర్తిగా విన్నది. "అయితే రేపు పొద్దున మీరు ఆ సూర్యుడితో కలిసి రండి. మేము ఫోనుతో పోతాం" అంది.

మర్నాడు మూడు ఫోన్లు ఒక్కసారే మోగాయట. వాళ్ళు తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి, చీకట్లో కారు పక్కన ముఖానికి వల వేసుకుని నిలబడి ఉన్న ఆకారాన్ని చూసి మా ఆవిడ కెవ్వుమంది. నేనే. మూడింటి నుంచీ అక్కడే ఉన్నాను. ఎవరి మూడింటి నుంచి అని మాత్రం అడగవద్దు.