మొటిమల జెల్ మొదలుపెట్టమంటున్నారు సరే, ఆపేది ఎప్పుడు?

యాంటీబయాటిక్ మొదలుపెట్టాక మధ్యలో మానేయకూడదన్న మాట జనానికి బాగానే ఎక్కింది. మందుల సంగతి పెద్దగా తెలియనివాళ్లు కూడా ఈ ఒక్క ముక్క చెప్పగలరు. కాకపోతే అది ఇన్ఫెక్షన్లకు మింగే మాత్రలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట. దాన్నే మొటిమలకు రాసుకునే యాంటీబయాటిక్ జెల్‌కూ అంటగట్టేశాం. మాత్రల స్ట్రిప్ ఖాళీ అయితే కోర్సు అయిపోయినట్టే. ట్యూబుకు అలాంటి లెక్క లేదు. ఒకటి అయిపోతే ఇంకోటి తెస్తారు. ఫోన్‌లో పాత ప్రిస్క్రిప్షన్ ఫొటో ఎలాగూ ఉంటుంది. మూడు నెలలకని రాసిన మందు ఏడాది దాటినా మొహం మీదే ఉంటుంది. ఆపితే మొటిమలు మళ్లీ వస్తాయన్న టెన్షన్ ఒకవైపు, యాంటీబయాటిక్ మానకూడదు కదా అన్న నమ్మకం ఇంకోవైపు.

క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే ఈ యాంటీబయాటిక్ జెల్‌లను భూతాల్లా చూపించడం ఇక్కడ ఉద్దేశం కాదు. చర్మం వరకు చూస్తే ఇవి పెద్దగా బాధపెట్టని మందులే. కాస్త పొడిబారడం, నీళ్లలా పల్చగా ఉండే రకమైతే అందులోని ఆల్కహాల్ వల్ల కొద్దిగా మంట. చాలామందికి అంతకు మించి ఏమీ కాదు. అసలు చిక్కు అక్కడే వస్తోంది. ఇబ్బంది పెట్టని మందును ఆపాలని ఎవరికీ తోచదు. నన్నడిగితే ఈ జెల్‌తో వచ్చే ముప్పు రెండు అలవాట్ల వల్లే: దాన్నొక్కదాన్నే వాడటం, గడువు లేకుండా వాడటం. ఈ రెండూ ప్రిస్క్రిప్షన్ రాసేటప్పుడే తేల్చేయగలిగినవి. అందుకే తప్పంతా రోగి మీదకు నెట్టేయడం సబబు కాదు.

అసలు జెల్ ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే ఈ మాటలో పస అర్థమవుతుంది. మొటిమ పైకి కనిపించడానికి కొన్ని వారాల ముందే రోమకూపం లోపల మొదలైపోతుంది. లోపలి గోడల నుంచి రాలిపోవాల్సిన కణాలు రాలకుండా ఒకదానికొకటి అతుక్కుంటాయి. అడుగున ఉన్న గ్రంథి నుంచి వచ్చే నూనె బయటికి పోయే దారి పూడుకుపోతుంది. ఈ దశలో అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డా ఏమీ కనపడదు. ఆ తర్వాత అది బ్లాక్‌హెడ్‌గానో వైట్‌హెడ్‌గానో తేలుతుంది. గాలి సరిగా ఆడని ఆ కూపంలో, పోగైన నూనె మీద బతుకుతూ క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. 2016 దాకా దీన్ని ప్రొపియోనిబ్యాక్టీరియం అనేవారు. ఇదేమీ బయటి నుంచి అంటుకున్న జబ్బు కాదు, ఒక్క మొటిమ కూడా లేనివాళ్ల మొహం మీదా ఉంటుంది. దీనికి శరీర రక్షణ వ్యవస్థ తిరగబడినప్పుడు ఎరుపు, వాపు, చీము వస్తాయి.

యాంటీబయాటిక్ జెల్ పని ఈ చివరి దశలోనే. సూక్ష్మజీవుల సంఖ్యను తగ్గిస్తుంది, వాపును కొంత అణుస్తుంది. పూడుకుపోయిన కూపాన్ని తెరవడం దానికి పెద్దగా చేతకాదు. నూనె ఊరడాన్ని తగ్గించలేదు. ఆ నూనెను ఊరించే హార్మోన్ల జోలికి పోనే పోదు. మరి మొదటి కొన్ని వారాల్లో అంత తేడా ఎందుకు కనిపిస్తుంది? ఎర్రగా, నొప్పిగా ఉన్నవి అణిగిపోతాయి కాబట్టి. మనిషి కన్ను వాటినే చూస్తుంది. గడ్డం మీద వేలితో తడిమితే తగిలే సన్నని గరుకు పొక్కులు, ముక్కు పక్కన నల్లచుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. రాబోయే మొటిమలు వాటిలోంచే వస్తాయి. జెల్ ఆపగానే అవి పైకి తేలితే, మందు మానడం వల్లే మొటిమలొచ్చాయని అనుకుని మళ్లీ ట్యూబు పట్టుకుంటారు.

ఇక రెసిస్టెన్స్ సంగతి. మొటిమల సూక్ష్మజీవి ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్‌లకు లొంగకపోవడం కొత్త కబురేమీ కాదు, 1970ల చివర్లోనే బయటపడింది. పూత మందులుగా ఇవి వాడుకలోకి వచ్చిన కొద్దికాలానికే అన్నమాట. ఈ రెండు మందులూ సూక్ష్మజీవిలో ప్రొటీన్ తయారయ్యే యంత్రాంగంలో ఒకే చోటును పట్టుకుంటాయి. ఆ చోటు కాస్త మారిపోతే రెండూ ఒకేసారి జారిపోవచ్చు. ఒకటి పనిచేయడం లేదని రెండోదానికి మారితే అందుకే పెద్దగా లాభం ఉండదు. రెండూ కలిపి వాడితే ఒకదాని పనికి ఇంకోటి అడ్డుపడుతుంది.

పోనీ, మొటిమలు తగ్గకపోతే ఏమవుతుంది, ప్రాణం మీదకు వచ్చే జబ్బు కాదు కదా అనేవాళ్లుంటారు. మొటిమల వరకే అయితే ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ మొహం మీద ఉండేది ఒక్క జాతి సూక్ష్మజీవి కాదు. రోజూ రెండు పూటలా నెలల తరబడి రాసే మందు, అక్కడే కాపురమున్న స్టెఫైలోకోకస్ జాతులకూ తగులుతుంది. వాటిలో మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఆ లక్షణాన్ని మోసే జన్యువులు కొన్ని ఒక సూక్ష్మజీవి నుంచి మరోదానికి బదిలీ కూడా అవుతాయి. చికిత్స తీసుకుంటున్నవారితో కలిసి ఉంటున్నవాళ్ల చర్మం మీద, ఆఖరికి వైద్యం చేసే డాక్టర్ల చర్మం మీద కూడా మొటిమల సూక్ష్మజీవిలో మందుకు లొంగని రకాలు కనిపించాయి. క్లిండమైసిన్ అంటే ఒట్టి మొటిమల మందు కాదు. చర్మం కింద చీముగడ్డలకు, ఎముకల ఇన్ఫెక్షన్లకు కూడా డాక్టర్లు ఆధారపడే మందు.

ఇక్కడే బెంజాయిల్ పెరాక్సైడ్ అక్కరకొస్తుంది. ఇది యాంటీబయాటిక్ కాదు. చర్మంలో చురుకైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేసి సూక్ష్మజీవిని చంపుతుంది. అలా ఒక్క చోటును పట్టుకుని కొట్టే మందు కాదు కాబట్టి తప్పించుకునే దారి సూక్ష్మజీవికి దొరకలేదు. దశాబ్దాలుగా వాడుతున్నా దీనికి రెసిస్టెన్స్ వచ్చిన దాఖలా లేదు. పూడుకుపోయిన కూపాన్ని కొంత వదులు చేస్తుంది కూడా. యాంటీబయాటిక్ జెల్‌కు ఇది తోడుంటే లొంగని రకాలు పెరగడం తగ్గుతుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పూత యాంటీబయాటిక్‌ను ఒంటరిగా వాడొద్దనే చెప్పింది. పూత యాంటీబయాటిక్, మింగే యాంటీబయాటిక్ రెండూ ఒకేసారి వద్దంది. 12 వారాలకు సమీక్షించాలంది. ప్రత్యేక పరిస్థితి ఉంటే తప్ప 6 నెలలు దాటించొద్దంది. అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలదీ ఇదే దారి. వైద్యలోకంలో ఇందులో పెద్ద తగవేమీ లేదన్నమాట. తెలిసిన మాట ట్యూబు దాకా చేరకపోవడమే సమస్య.

ఎందుకు చేరడం లేదంటే, ఒక కారణం బెంజాయిల్ పెరాక్సైడే. అది మండిస్తుంది, పొలుసులు లేపుతుంది. దిండు గలీబుల మీద, ముదురు రంగు బట్టల మీద తెల్లటి మచ్చలు వేస్తుంది, అవి ఉతికినా పోవు. రెండు ట్యూబులిస్తే మండేదాన్ని పక్కన పడేసి, మండని యాంటీబయాటిక్‌ను మాత్రం కొనసాగించడం మనిషి సహజం. దీనికి విరుగుడు ఉంది. శాతం ఎక్కువైతే గుణమూ ఎక్కువని అనుకుంటారు గానీ, ఎర్రటి మొటిమల మీద 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ దాదాపు 10 శాతమంత పనీ చేస్తుంది, మంట మాత్రం తక్కువ. తక్కువ శాతంతో, మొదట్లో రోజు విడిచి రోజు రాస్తే చాలామంది తట్టుకోగలరు. రెండూ కలిసి ఒకే ట్యూబులో వచ్చే జెల్‌లు ఇంకా నయం, ఒకటి వదిలేసి ఒకటి రాసుకునే వీలే ఉండదు. అయితే ఇలా కలిపిన వాటిలో కొన్నింటికి చేతికొచ్చిన తర్వాత రెండు మూడు నెలలే ఆయుష్షు. పెట్టె మీద ముద్రించిన తేదీ ఒక్కటే చూసుకుంటే సరిపోదు.

రాసుకునే తీరులో జనం ఎక్కువగా తప్పేది ఒక్క చోట. కనిపించిన మొటిమ మీద చుక్క పెట్టి వదిలేస్తారు. పైన చెప్పినట్టు తర్వాతి మొటిమ ఇంకా కనిపించని చోట తయారవుతుంటుంది. అందుకే మొటిమలొచ్చే ప్రాంతమంతా పల్చగా రాయాలి. మొహాన్ని మెత్తని క్లెన్సర్‌తో కడిగి, తుడిచి, తడి ఆరనిచ్చి, కళ్లు, పెదవుల అంచులు, ముక్కు లోపలి పొరలు తప్పించి రాసుకుంటే చాలు. పైన మాయిశ్చరైజర్ వేసుకోవచ్చు. దాన్ని మందుకు అడ్డని మానేసేవాళ్లు చివరికి మందునే మానేస్తుంటారు. రోజుకు ఒకసారా రెండుసార్లా అన్నది రకాన్ని బట్టి మారుతుంది, డాక్టర్ చెప్పినదే పాటించాలి. తొందరగా తగ్గాలని మూడోసారి రాస్తే చర్మం రేగడం తప్ప ఒరిగేదేమీ లేదు. రాత్రికి కూపం పూడుకోకుండా చూసే ట్రెటినాయిన్ కూడా ఇస్తే, దాని పాత రకాలు బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే చెడిపోతాయి కాబట్టి ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అని విడదీస్తారు. అదే కోవకు చెందిన అడాపలీన్‌కు ఆ బెడద లేదు. మొటిమలకే ఇచ్చే డాప్సోన్ జెల్ రాసినచోట బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా తగిలితే చర్మం, వెంట్రుకలు తాత్కాలికంగా పసుపు రంగులోకో నారింజ రంగులోకో మారవచ్చు. కంగారు పడి మొహం తోముకోవాల్సిన పని లేదు, కొన్నాళ్లకు పోతుంది.

ఇంట్లో మిగిలిపోయిన పుండ్ల ఆయింట్‌మెంట్‌లో కూడా యాంటీబయాటిక్ ఉంది కదా అని మొహానికి రాసుకోవడం ఇంకో రకం పొరపాటు. నియోమైసిన్ ఉన్నవి అలర్జీ దద్దుర్లు తెచ్చిపెట్టడంలో పేరుమోసినవి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఇంకా మోసం చేస్తాయి. రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గి మొహం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పల్చబడి, సన్నటి రక్తనాళాలు తేలి, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు పుట్టుకొస్తాయి. ఒకరి ట్యూబు ఇంకొకరు వాడుకోవడం కూడా ఇలాంటిదే. నుదురు మీద, ఛాతీ మీద, వీపు మీద అన్నీ ఒకే సైజులో, దురదపెడుతూ వచ్చే పొక్కులు అసలు మొటిమలే కాకపోవచ్చు. మలసీజియా అనే ఈస్ట్ వల్ల అలా వస్తాయి. యాంటీబయాటిక్‌తో అవి ముదురుతాయి కూడా.

చర్మం గుండా ఒంట్లోకి వెళ్లే క్లిండమైసిన్ చాలా తక్కువ. అయినా దాని లేబుల్ మీద ఒక గట్టి హెచ్చరిక ఉంటుంది: పేగుపూత జబ్బు, అంటే అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్, లేదా గతంలో యాంటీబయాటిక్ వల్ల వచ్చిన పేగువాపు ఉన్నవాళ్లు వాడకూడదు. జెల్ వల్ల పేగువాపు రావడం అరుదే. కానీ జెల్ వాడుతుండగా గానీ, ఆపిన కొన్ని వారాలకు గానీ నీళ్ల విరేచనాలు ఆగకుండా అవుతుంటే, రక్తం పడితే, జెల్ ఆపి డాక్టర్‌కు చెప్పాలి. విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోవద్దు. మొహానికి రాసుకునే జెల్‌కూ కడుపుకూ సంబంధం ఉంటుందని రోగికి తట్టదు, డాక్టర్ కూడా అడగకపోవచ్చు. కాబట్టి ఈ జెల్ వాడుతున్న సంగతి మనమే ముందు చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా మొదటే ఆ మాట చెప్పాలి. క్లిండమైసిన్ జెల్ సంగతి ఎలా ఉన్నా, దానికి జతగా ఇచ్చే ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి రెటినాయిడ్లను గర్భంలో సాధారణంగా మాన్పిస్తారు.

ఆపడం దగ్గరికొద్దాం. 12 వారాలకు వాపు తగ్గిందనుకోండి, యాంటీబయాటిక్ పని అయిపోయింది. దాన్ని ఒక్కసారిగా ఆపేయవచ్చు, కొద్దికొద్దిగా తగ్గించాల్సిన పని లేదు. మొత్తం చికిత్స ఆపేయకూడదు, అంతే. కూపం పూడుకోకుండా చూసే అడాపలీన్ లాంటి మందు, అవసరమైతే బెంజాయిల్ పెరాక్సైడ్, ఆ తర్వాతా కొనసాగుతాయి. ఇవి ఏళ్లు వాడినా రెసిస్టెన్స్ గొడవ లేనివి. ఈ వివరం రోగికి ముందే తెలిస్తే, మందు మానితే మళ్లీ వస్తాయన్న భయంతో యాంటీబయాటిక్‌ను పట్టుకుని వేలాడరు. ఓపీలో అంత టైమ్ ఎక్కడిది అని డాక్టర్లు అంటారు, నిజమే. కానీ ప్రిస్క్రిప్షన్ మీద ఆపాల్సిన తేదీ వేయడానికి పట్టేది కొన్ని సెకన్లు. అది లేకపోతే రోగే అడగాలి: ఇది ఎప్పటి దాకా, ఆపాక ఏది వాడాలి?

12 వారాలకూ తగ్గకపోతే? చాలామంది ఇంకో రెండు ట్యూబులు చూద్దాం అనుకునేది ఇక్కడే. తగ్గకపోవడానికి సూక్ష్మజీవి లొంగకపోవడం ఒక కారణం కావచ్చు. హార్మోన్ల తేడా ఉండవచ్చు, అది మొటిమే కాకపోవచ్చు, తోడు మందు సరిగా రాసుకోకపోవచ్చు. వీటిలో ఏదీ అదే జెల్‌ను పొడిగిస్తే తీరేది కాదు. మింగే మందులు, హార్మోన్ల చికిత్స, ముదిరిన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ లాంటివి డాక్టర్ ఆలోచించాల్సిన సమయం అది. దవడ మీద, వీపు మీద లోతుగా, గట్టిగా, ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలున్నవాళ్లయితే 12 వారాలు కూడా ఆగనక్కర్లేదు. అలాంటి గడ్డలు మానేటప్పుడే చర్మంలో గుంటలు పడతాయి. ఆ గుంటలను తర్వాత లేజర్‌తోనో, ఇంకో పద్ధతిలోనో కొంత పూడ్చగలరు గానీ, చర్మాన్ని పూర్తిగా మునుపటిలా చేయలేరు.