ఫోన్ చూడనివ్వని సినిమా

1926లో తీసిన ‘ది జనరల్’ని మొన్న రాత్రి చూశాను. మూకీ కదా, ఒక కన్ను తెర మీద, ఒక కన్ను ఫోన్ మీద వేసి కానిచ్చేద్దామనుకున్నాను. మోసపోయాను. మాటలే లేకపోతే చెవులకి పని అప్పజెప్పి తల దించుకోవడం ఎలా? గంటంబావు సేపు ఫోన్ ముట్టుకోనివ్వని సినిమా ఈ కాలానికి పనికొస్తుందని ఏ మొహంతో చెప్పను?

హీరో సంగతి మరీ ఘోరం. మూకీ కామెడీలు తీసి, నటించిన బస్టర్ కీటన్ ఇందులో ‘జనరల్’ అనే రైలింజన్ డ్రైవరు. ప్రియురాలు కాదన్నదని ఇంజన్ చక్రాలని కలిపే ఇనుప కడ్డీ మీద దిగాలుగా కూచుంటాడు. ఇంజన్ కదులుతుంది. కడ్డీతో పాటు మనిషీ పైకి లేస్తాడు, దిగుతాడు, మళ్లీ లేస్తాడు. చక్రం ఒక్కసారి జారి గిర్రున తిరిగితే మనిషి దక్కడు. ఇంత చేసీ స్లో మోషన్ లేదు, నాలుగు వైపుల నుంచి నాలుగు షాట్లు లేవు. తాను హీరోనని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

దుబారా కూడా తక్కువ కాదు. ఒరెగాన్‌లో తగలబడుతున్న వంతెన మీంచి నిజం ఇంజన్‌ని నిజం ఏట్లో పడేశారు. ఆ ఒక్క షాట్‌కే 42 వేల డాలర్లయిందంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పాత ఇనుము కింద తీసుకెళ్లేదాకా అది అక్కడే పడుంది. ఇవాళైతే గ్రీన్ మ్యాట్ వేసేవారు. ఇంజన్ కంప్యూటర్లో పడేది, ఏరు కంప్యూటర్లో పారేది, ఖర్చు మాత్రం నిజంగానే అయ్యేది.

నీతి విషయంలో మాత్రం మన కాలపు సినిమాయే. సినిమాలో శత్రువులు ఎత్తుకెళ్లే ఈ ‘జనరల్’ రైలుని 1862లో అమెరికా అంతర్యుద్ధంలో నిజంగానే ఎత్తుకెళ్లింది ఉత్తరాది వాళ్లు. ఆ కథ రాసుకున్నదీ వాళ్లలో ఒకడే. కీటన్ దాన్ని తిరగేసి దక్షిణాది డ్రైవర్ని హీరోని చేశాడు. ఆ దక్షిణాది కొట్లాడింది బానిసత్వాన్ని నిలబెట్టుకోడానికన్న సంగతి సినిమా మాట మాత్రంగానైనా ఎత్తదు. ఇబ్బంది పెట్టే చరిత్రని ఫ్రేములోంచి తప్పించే విద్యలో దీనికి వయసే మీద పడలేదు.

అప్పట్లో ఇది ఆడలేదు. 1928కల్లా కీటన్ సొంత యూనిట్ వదిలి ఎంజీఎం అనే పెద్ద స్టూడియోలో జీతానికి చేరాడు.

చివరి అభ్యంతరం హీరోయిన్ మీద. వెనక శత్రువులు తరుముకొస్తుంటే ఇంజన్ ఊడుస్తూ కూచుంటుంది. కట్టెకి చిల్లు ఉందని బయటికి విసిరేస్తుంది. ఒళ్లు మండి కీటన్ పుల్లముక్క చేతికిస్తే, శ్రద్ధగా దాన్నే పొయ్యిలో వేస్తుంది. పీక పట్టుకుని ఊపేసి, అంతలోనే ముద్దు పెట్టేస్తాడు.

అక్కడ ఎంత గట్టిగా నవ్వానంటే, ఫోన్ ఎక్కడ జారిపోయిందో ఇంకా దొరకలేదు.