నీటి బిల్లులో అడవికి వాటా

నగర పాలక సంస్థలకు అడవి గుర్తొచ్చేది మొక్కలు నాటే రోజునే. గుంతలు తవ్వుతారు, ఫొటోలు దిగుతారు, ఇన్ని లక్షల మొక్కలు పెట్టామని ప్రకటిస్తారు. ఎండాకాలం దాటాక వాటిలో ఎన్ని బతికాయని అడిగే నాథుడు ఉండడు. వీధిలో చెట్టు ఉండాల్సిందే, నీడ కావాల్సిందే. అయితే నగరాన్ని నిజంగా బతికిస్తున్న అడవి ఎక్కడో ఎగువన, కొండల మీద ఉంది. ఆ అడవి కోసం ప్రతి నగర బడ్జెట్‌లోనూ ఒక పద్దు ఉండాలని, దానికి డబ్బు నీటి బిల్లు నుంచే రావాలని మేము కోరుతున్నాం.

నీటి బిల్లే ఎందుకు? అడవిలో కురిసిన వాన నేల మీద పేరుకున్న ఆకు తుక్కులో ఇంకి, వేర్ల సందుల్లోంచి లోపలికి దిగి, ఊటలుగా వాగుల్లో చేరుతుంది. వానలు వెనకబట్టాక కూడా వాగు పారేది అందుకే. చెట్లు కొట్టేసిన వాలు మీద అదే వాన మట్టిని కోసుకుంటూ జలాశయంలోకి దూకుతుంది. జలాశయం పూడుతుంది. శుద్ధి కేంద్రంలో బురద నీటిని తేర్చడానికి ఆలం (పటిక) మోతాదు పెంచాలి, ఫిల్టర్ బెడ్లను మాటిమాటికీ కడగాలి. ఆ ఖర్చు ఇప్పటికే నగరవాసి కడుతున్నాడు. బిల్లులో అడవి పేరు కనిపించదు, అంతే. ప్రపంచ బ్యాంకు, ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి 2003లో 105 పెద్ద నగరాలను పరిశీలిస్తే, 33 నగరాల తాగునీటిలో గణనీయమైన భాగం రక్షిత ప్రాంతాల నుంచే వస్తోందని తేలింది.

ఈ లెక్కను సరిగ్గా వేసుకున్న నగరం న్యూయార్క్. నీటిని వడపోసే భారీ ప్లాంటు కట్టాలా, లేక నీరు వచ్చే కొండలను కాపాడుకోవాలా అన్న ప్రశ్న 1990ల్లో దాని ముందుకొచ్చింది. ప్లాంటుకే 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. నగరం కొండల వైపు మొగ్గింది. కానీ ఎగువ ఊళ్లవాళ్లు నగరాన్ని నమ్మే స్థితిలో లేరు. జలాశయాల కోసం ఒకప్పుడు తమ ఊళ్లను ఖాళీ చేయించి ముంచేసిన నగరం అది. మళ్లీ వచ్చి ఇక్కడ ఇల్లు కట్టొద్దు, అక్కడ పశువులను మేపొద్దు అంటే ఎవరు ఊరుకుంటారు? ఏళ్ల తరబడి బేరసారాలు సాగాక 1997లో ఒప్పందం కుదిరింది. పశువులు వాగుల్లోకి దిగకుండా నగరం తన డబ్బుతో కంచెలు వేయించింది. పాడైన సెప్టిక్ ట్యాంకులను బాగు చేయించింది. అమ్మడానికి ఇష్టపడినవాళ్ల దగ్గరే అటవీ భూములు కొన్నది, వాటి మీద ఆ ఊళ్లకు ఆస్తి పన్ను కూడా కడుతోంది. 90 లక్షలకు పైగా జనం తాగే నీటిలో చాలా వరకు ఇప్పటికీ వడపోత అవసరం లేకుండానే, క్రిములను చంపే శుద్ధి మాత్రమే జరిగి కొళాయికి వస్తోంది. ఒప్పందంలో చెట్ల సంగతి ఎంత ఉందో ఎగువ మనుషుల సంగతీ అంతే ఉంది కాబట్టే అది నిలబడిందని మా అభిప్రాయం.

పాత అడవి పోతే కొత్తది నాటుకోవచ్చులే అన్న ధీమా చాలా చోట్ల వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ అనుభవం చూస్తే ఆ ధీమా నిలవదు. ఆ నగరం తనకు నీరిచ్చే కొండల్లో చాలా భాగాన్ని వందేళ్లకు పైగా జన సంచారం లేకుండా మూసి ఉంచింది. 1939 కార్చిచ్చులో అక్కడి మౌంటెన్ యాష్ (ఎత్తుగా పెరిగే ఒక రకం యూకలిప్టస్) అడవులు విస్తారంగా కాలిపోయాయి. తిరిగి మొలిచిన లేత చెట్లు ముదురు చెట్ల కంటే చాలా ఎక్కువ నీరు తాగాయి. ఇరవై ముప్పై ఏళ్లు గడిచేసరికి అలాంటి చోట్ల వాగుల్లోకి వచ్చే నీరు దాదాపు సగానికి పడిపోవచ్చని పరిశోధకులు గుర్తించారు. పాత స్థితికి రావాలంటే వందేళ్లు దాటుతుంది. అందుకే ఉన్న అడవిని నిలుపుకోవడానికే మొదటి రూపాయైనా, మొదటి డాలరైనా ఖర్చు కావాలి.

నాటక తప్పని చోట సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ పద్ధతి బాగుంది. చెట్లు కోల్పోయిన కొండచరియలు 2017లో భారీ వానకు విరిగిపడి ఆ నగరంలో వెయ్యి మందికి పైగా చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. ఆ తర్వాత పది లక్షల చెట్లు పెంచాలని నగరం పూనుకుంది. ప్రతి మొక్కకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పెంచేవాళ్లు మొక్క దగ్గరికి వెళ్లి ఫోన్‌లో ఫొటో తీసి పంపాలి. నాటినందుకే కాకుండా, తర్వాత దాన్ని కనిపెట్టుకుని బతికించినందుకూ డబ్బు వస్తుంది.

ఇక నగరాలు తమ కొనుగోళ్లతో చేసే నష్టం ఉంది. టోక్యో ఒలింపిక్స్ స్టేడియాల కాంక్రీటు పనికి ఆగ్నేయాసియా వర్షారణ్యాల ప్లైవుడ్ వాడారని పెద్ద దుమారం రేగింది. సెంట్రింగ్‌కు వాడే ఆ పలకలు కొన్ని స్లాబులకే పాడై చెత్తలోకి పోతాయి. ఆ పలక ఏ అడవిదో మేస్త్రీకి తెలియదు, ఇంజినీరు అడగడు. టెండరులో ఒక షరతు చేర్చడం నగరం చేతిలో పని: కలప ఎక్కడిదో కాగితాలు చూపించేదాకా కాంట్రాక్టరుకు బిల్లు పాస్ కాదు. నగరం నడిపే క్యాంటీన్లకు, ఆస్పత్రులకు కొనే పామాయిల్‌కు, మాంసానికి, సోయాకూ ఇదే షరతు వర్తించాలి. ఉష్ణమండల అడవుల నరికివేతకు పెద్ద కారణం పశువుల మేతభూములు, ఈ పంటలే.

నీటి బిల్లు పెంచితే పేదల మీద భారం పడుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. ఇంటి అవసరాలకు సరిపడే మొదటి పరిమాణానికి మినహాయింపు ఇచ్చి, అంతకు మించి వాడే పరిశ్రమల నుంచి, హోటళ్ల నుంచి, ఈతకొలనులున్న ఇళ్ల నుంచి వసూలు చేయాలి. ఆ డబ్బు సాధారణ నిధిలో కలిసిపోతే మాత్రం రోడ్ల గుంతలకో, జీతాలకో కరిగిపోతుంది. ఈక్వెడార్ రాజధాని క్వీటో నగరం 2000లోనే ఇందుకు దారి చూపింది. ప్రత్యేక నిధి ఒకటి పెట్టి, నీటి సంస్థ తన ఆదాయంలో 2 శాతం అందులో జమ చేసేలా తర్వాత నగర చట్టమే చేసింది. పాలకులు మారినా చేయి పెట్టకుండా ఆ నిధిని 80 ఏళ్ల ట్రస్టుగా రాసుకున్నారు. అంత గడువుతో, ఎగువ గ్రామాల ప్రతినిధులకు ఓటుండే ట్రస్టును ప్రతి పెద్ద నగరం వచ్చే బడ్జెట్‌లోనే ప్రకటించాలి.